కారం గిర్నిలో ఇరుక్కున్న రింగు

నా చిన్నప్పుడు, నాచారంలో మా అమ్మ నడిపే కారం గిర్నిని నేను ఒంటిచేత్తో కాపాడానని మనవళ్లకు చెబుతుంటాను. వెల్డింగ్ రవ్వలు ఉప్పల్ చౌరస్తా దాకా ఎగిరాయని, చూడ్డానికి బస్సులు ఆగాయని కూడా చెబుతాను. ఇవాళ ఉన్నది ఉన్నట్టు రాస్తాను. గిర్నిని చెడగొట్టింది నేనే.

ఎండాకాలం. ఆ రెండు నెలల గిరాకీ మీదే మా ఇల్లు ఏడాదంతా నడిచేది. సరిగ్గా అప్పుడే బేరింగు పోయింది. మెకానిక్ ఇరుసు ఊడదీసి, కొత్త బేరింగు కోసం ఉప్పల్ వెళ్లాడు. పాతదాని బయటి రింగు మాత్రం అది కూర్చునే ఇనుప గూట్లో బిగుసుకుని ఉండిపోయింది. అతను వచ్చేలోగా దాన్ని తీసేసి మెప్పు పొందుదామని, అమ్మ చూడకుండా ఉలి పెట్టి నాలుగు దెబ్బలు వేశాను. రింగు వంకరగా ఇంకా లోపలికి దిగబడింది. గూటి అంచున గాట్లు పడ్డాయి. మరో దెబ్బ పడితే ఆ పోత ఇనుము పగులుతుంది. పగిలితే గిర్ని మూతే.

అమ్మ వచ్చి చూసి, గేట్లు, గ్రిల్స్ చేసే పక్కింటి మామను పిలిచింది. ఆయన గాట్ల మీద బొటనవేలు రాసి నావైపు చూశాడు.

"గీ గాట్లేంది తమ్మీ?" అని అమ్మ ఆయన్ని అడిగింది.

"ముందుగాల రింగు రానీ అక్కా," అని ఆయన వెల్డింగ్ మిషన్ లాక్కొచ్చి, రింగు లోపలి అంచున చుట్టూ అతుకు వేయడం మొదలుపెట్టాడు.

"ఊడదీయమంటే అతుకు వెడుతున్నవేంది? నా గిర్ని గేటనుకున్నవా?"

"జర ఓపిక వట్టు. గిది సల్లారంగ రింగు ముడుసుకొని సన్నగైతది. అందాక ఎవ్వరు ముట్టొద్దు."

ఎర్రటి రింగు మెల్లగా నల్లబడుతుంటే నేను పక్కనే కూర్చుని చూశాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చాలాసేపటికి ఆయన ఓ పుల్లతో కదిపాడు. ముడుచుకుపోయిన రింగు టంగుమని కింద పడింది. మెకానిక్ వచ్చి కొత్త బేరింగు బిగించాక గిర్ని మళ్లీ తిరిగింది.

గాట్ల సంగతి మామ ఆ రోజూ ఎత్తలేదు, మర్నాడూ ఎత్తలేదు. కనబడితే నవ్వి, "బువ్వ తిన్నవారా?" అనేవాడు, అంతే. ఆ నవ్వుకే నాకు అన్నం సహించేది కాదు. ఆ సాయంత్రమే అమ్మకు నిజం చెప్పేశానని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. మూడో రోజు చెప్పాను. రెండు తగిలించి అన్నం పెట్టింది.

మా ఇంట్లో పిల్లలెవరైనా ఏదైనా పగలగొట్టి బిక్కమొహంతో నిలబడితే, నేనిప్పటికీ వెంటనే నిలదీయను. మామూలుగానే మాట్లాడుతూ కాచుకుంటాను. చాలాసార్లు వాళ్లే చెబుతారు. చెప్పనివాళ్లూ ఉన్నారు. వాళ్ల కోసం ఇంకా కాచుకునే ఉన్నాను.