తపసి బంక కోసం భూపాలపల్లికి

శనివారం పొద్దున ఆరున్నరకు జనగామ స్టేషన్‌లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. రైలు ఇరవై నిమిషాలు లేటు. మా ఫార్మసీ కాలేజీ ల్యాబ్‌లో నేను తపసి చెట్టు బంకను నీళ్లలో నానబెట్టి, కాస్త గ్లిజరిన్ కలిపి, గాజు పలక మీద పలుచగా పోసి ఆరబెడతాను. ఆరాక ఒలిస్తే పుండ్ల మీద కప్పే పొర రావాలి. మొదటిసారి వేలికి చుట్టినా విరగని పొర వచ్చింది. తర్వాత పోసిన పదకొండూ పెళుసుబారి విరిగిపోయాయి. పది రోజుల్లో నా పరిశోధనను పరిశీలించే కాలేజీ కమిటీకి మంచివి చూపించకపోతే నా మూడేళ్ల పని ఆగిపోతుంది. తప్పు బంకలోనే ఉందనిపించి, దాన్ని అమ్మిన మహబూబాబాద్ దుకాణానికి బయలుదేరాను.

రైల్లో ఎదురుగా కూర్చున్న, మిర్చి ఏరడానికి పోతున్న ఒకామె మొదటి పొర, విరిగిన ముక్కలు పెట్టుకున్న నా ఒళ్లోని డబ్బాలోకి తొంగి చూసింది.

"ఏందక్కా గది, అప్పడమా?"

"పుండు మీద ఏసే పొర. బంకతోని చేసిన."

"గింత పలుచగుంటే ఆగుతదా?"

నాకూ అదే భయం. ఆమెతో మాత్రం ఆగుతుందన్నాను.

తొమ్మిదిన్నరకు దుకాణంలో ఉన్నాను. దుకాణదారు నింపాదిగా చాయ్ ముగించి, "మొదలు గడ్డలు తీస్కపోయిన్రు. రెండోసారి నానేదాక ఆగలేనని పొడి అడిగింది మీరే కద మేడమ్," అన్నాడు. నిజమే, నా తొందరే నా కొంప ముంచింది. గడ్డ బంక అతని దగ్గర అయిపోయిందట. దాన్ని అడవిలో ఏరే లచ్చవ్వ ఊరు చెప్పాడు. భూపాలపల్లి నుంచి ఆటోలో అరగంట.

హనుమకొండకు ఒక బస్సు, అక్కడి నుంచి భూపాలపల్లికి ఇంకొకటి. ఆధార్ చూపిస్తే రెండింట్లోనూ ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్. హనుమకొండలో రెండు ఇడ్లీలు నిలబడే మింగాను. పరకాలలో బస్సు చాయ్‌కి ఆగితే డ్రైవర్ మీద ఊరికే కోపమొచ్చింది. మూడున్నరకు లచ్చవ్వ వాకిట్లోకి చేరాను.

ఆమెకు యాభై ఏళ్లుంటాయి. పుండు మీద వేసేవని చెప్పి డబ్బాలోవి చూపించాను. వెంట తెచ్చిన నా పొడిని వాసన చూసి మొహం చిట్లించింది.

"పాతబడ్డది బిడ్డా. పులిసిన వాసనొస్తలేదా? పొడి గొడితే ఇంకా జల్ది చెడుతది."

చాటలోని కొత్త గడ్డలు కిలో తూచి ఇచ్చింది. నా పని అయిపోయింది. ఐదు గంటల బస్సు అందుకోవాలని లేచాను.

అప్పుడామె చీర అంచు కాస్త పైకి జరిపింది. మడమ మీద గొడ్డలి తగిలిన గాయం, చుట్టూ వాపు, దానికి అంటుకుపోయిన పాత గుడ్డ.

"డబ్బల ఉన్నదాంట్ల నాకొకటి ఎయ్యి బిడ్డా."

"వద్దవ్వా. మనుషుల మీద ఇంకా పరీక్ష చెయ్యలే."

"నా బంకనే గదా. నాకు పడదా?"

డబ్బా మూసి సంచిలో పెట్టేశాను. ఆమెను ఆటో ఎక్కించి భూపాలపల్లి దవాఖానకు తీసుకెళ్లాను. దారంతా గడియారం చూస్తూనే ఉన్నాను, చూస్తున్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. నర్సు గాయం కడిగి, సూది వేసి, మామూలు తెల్ల కట్టు కట్టింది. ఐదింటి బస్సు పోయింది. ఊరికి తిరిగి పోవడానికి ఆటో ఎక్కుతూ లచ్చవ్వ అడిగింది.

"మరి నీది ఎన్నడు పెడతవ్?"

"తెల్వదవ్వా," అన్నాను.

ఆరింటి బస్సులో కిటికీ సీటు దొరికింది. మంచి బంక ఒళ్లో ఉన్నా మనసు కుదురుగా లేదు. కమిటీ కోసం రాసిన రిపోర్టు తీశాను. "శరీరానికి సరిపడే పలుచని పొర" అని పైన పెద్ద అక్షరాల్లో నేనే రాసుకున్నాను. ఒక్క మనిషి ఒంటి మీదా వేసి చూడకుండానే అలా రాసినందుకు సిగ్గేసింది. మొదటి రెండు మాటలూ కొట్టేశాను. కమిటీ ఏమన్నా సరే, ఇప్పటికి నేను చేసింది పలుచని పొర మాత్రమే.