రూతు మొదటి ఉపవాసం

తొమ్మిదేళ్ళుగా ఈ మాట గొంతులో అడ్డం పడి ఉంది. మా ఆయనకు చెప్పలేదు. బహ్రెయిన్‌లో మనామా గుడికి వెళ్ళినప్పుడు దేవుడి ముందు కూడా నోరు విప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు ఆ దేశంలోనే రిఫా అనే ఊళ్ళో ఒక తెలుగువాళ్ళ ఇంట్లో వంట చేసేదాన్ని. వాళ్ళది రాజమండ్రి, మాది అమలాపురం పక్క పల్లె. వాళ్ళు మోర్మన్లు, క్రైస్తవుల్లో అదొక శాఖ. ఇంట్లో కాఫీ, టీ ఉండవు. నెలకోసారి, మొదటి శుక్రవారం, ఇంటిల్లిపాదీ మంచినీళ్ళు కూడా ముట్టరు. ఆ పూటల తిండి ఆకలితో ఉన్నవాళ్ళకు పంపుతారు. చేతిబళ్ళు లాక్కుంటూ అమెరికాలో కొండలు దాటిన తమ తొలినాటి వాళ్ళ నుంచి వస్తున్న ఆచారమని మేడం పిల్లలకు కథలు కథలుగా చెప్పేవారు. ఉపవాసం విడిచే ముందు అందరూ కూర్చుని, ఒక్కొక్కరే లేచి మనసులో ఉన్నది చెప్పుకునేవారు.

వాళ్ళ చిన్నమ్మాయి రూతుకు ఎనిమిదేళ్ళు నిండాయి. ఆ శుక్రవారం తన మొదటి ఉపవాసం. పొద్దున్నుంచీ గొప్పగా తిరిగింది. మధ్యాహ్నానికి మొహం వాడిపోయింది. నా ప్రాణం ఉసూరుమంది. మా ఇళ్ళలో ఏకాదశికి పాలు తాగుతాం, పండు తింటాం, దాన్నెవరూ భోజనం అనరు కదా. అరటిపండు ఒలిచి ఇచ్చాను.

"తప్పు కాదా ఆంటీ?"

"పండుకి తప్పేటమ్మా? ఉపోసం నాడు మేం తినేది అదే."

నమ్మింది. తినేసింది.

కాసేపటికి చెత్తబుట్టలో తొక్క మేడం కంటపడింది. రూతు నా పక్కనే ఉంది.

"నువ్వేమన్నా పెట్టావేంటి దీనికి?"

"లేదండి. నాకు తెల్దండి."

ఎందుకన్నాను ఆ మాట? వీసా వాళ్ళ చేతిలో ఉంది, పంపించేస్తారని భయపడ్డానని చాలా ఏళ్ళు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆవిడ అలాంటి మనిషి కాదని నాకు తెలియదా? తెలుసు. ఆవిడ దగ్గర తెచ్చుకున్న మంచిపేరు పోతుందని, అంతే, ఆ కాస్త పేరు కోసం ఎనిమిదేళ్ళ పిల్లను ముందుకు తోశాను.

రూతు నా మొహంలోకి చూసింది. "నేనే తీసుకున్నాను మమ్మీ," అంది.

సాయంత్రం అందరి మధ్యా లేచి నిలబడి, దొంగతనంగా తిన్నాను, క్షమించండి అని చెప్పింది. నన్నూ ఒక పక్కన కూర్చోబెట్టారు. నువ్వూ ఏమైనా చెబుతావా అని మేడం అడిగారు. తల అడ్డంగా ఊపి, పప్పు వేడి చేసే వంకతో లేచి వెళ్ళిపోయాను.

ఆ తర్వాత ఏడాది అక్కడే పనిచేశాను. రూతు నాతో మాట్లాడేది, నవ్వేది. కానీ నేనేం ఇచ్చినా, "మమ్మీని అడిగొస్తాను," అనేది.

వాళ్ళు బహ్రెయిన్ వదిలి వెళ్ళిపోయారు. ఎక్కడున్నారో తెలియదు. ఆ పిల్లకు ఇప్పుడు పదిహేడు. ఆ రోజు తను నిజంగానే దొంగతనం చేసిందని ఈపాటికి తనే నమ్మేసిందేమో. నన్ను తినేస్తున్నది అదే. రూతు ఏమీ దొంగిలించలేదు. నేను ఒలిచి పెట్టాను, తప్పు కాదని చెప్పి తినిపించాను, అడిగితే తెలియదన్నాను. ఇది మొదటిసారి పైకి అంటున్నాను.