బయట తాళం, లోపల సినిమా

మొన్న ఆదివారం మధ్యాహ్నం కడుపు నిండా తిని, ఫ్యాను కింద సోఫాలో కాళ్ళు చాపుకొని టీవీ పెట్టాను. పెట్టాను అని ఒక్క మాటలో చెప్పేస్తున్నాను గానీ, ఈ కాలపు టీవీ పెట్టడం పెద్ద తతంగం. ముందు అది నెట్టును వెతుక్కోవాలి, తర్వాత నేనెవరో ఆరా తీయాలి, ఆ పైన నాకేం నచ్చుతుందో నాకంటే ముందు అదే తేల్చి చెప్పాలి. అట్లా అది వరుసగా పేర్చి చూపించిన బొమ్మల్లో ఒక పాత సినిమా కనబడేసరికి లేచి కూర్చున్నాను. ఇరవై ఏళ్ళు దాటింది ఆ సినిమా చూసి. అదీ సగానికి పైగా, అంతే. కథానాయకుడు పాడుబడిన బావిలో తాడు పట్టుకొని వేలాడుతుంటాడు, పైన విలన్ కత్తితో ఆ తాడు కోస్తుంటాడు. అక్కడిదాకా నాకు తెలుసు. తాడు తెగిందో లేదో ఈ రోజుకూ తెలియదు. సరే, ఇప్పుడైనా తేలుతుందని మొదటినుంచీ ఓపిగ్గా చూశాను. బావి వచ్చింది, తాడు వచ్చింది, కత్తి వచ్చింది. మీరు నమ్మినా నమ్మకపోయినా సరిగ్గా అక్కడే బొమ్మ ఆగిపోయి, ‘ఈ టీవీ ఈ ఖాతాదారు ఇంట్లో లేదు’ అని అక్షరాలు పడ్డాయి. నా ఇంట్లో, నా గోడకు, నేను మేకు కొట్టి తగిలించిన టీవీ ఇంట్లో లేదట! ఖాతా బెంగళూరులో ఉన్న మా అమ్మాయిది. ఫోన్ చేస్తే, “నాన్నా, నాకొక నంబరొస్తుంది, అది కొడితే తెరుచుకుంటుంది, కానీ ఇప్పుడు పనిలో ఉన్నా, సాయంత్రం చెప్తా” అంది. సాయంత్రం దాకా నేను ఆ నల్ల తెర ముందు, ఆయన ఆ బావిలో.

నాకు కోతలరాయుడనే పేరుంది. ఇంట్లో వాళ్ళు నా మాటల్లో సగం తీసేసి మిగిలింది నమ్ముతారు. మీరూ అట్లే చేయండి, నాకేం బాధ లేదు. తాళం సంగతి మాత్రం ఉంచండి, అది నిజం.

మా చిన్నాయన డోన్‌లో కేబుల్ టీవీ నడిపేవాడు. రైల్వే స్టేషన్ వెనక వీధిలో నాపరాళ్ళ కప్పు వేసిన ఒకటే గది, దానికి ముందు ఇనుప షట్టరు. వెనక కిటికీ ఉండేది గానీ, యంత్రాలను ఎవరైనా ఎత్తుకుపోతారని దాన్ని ఇటుకలతో మూసేయించాడు. ఎండాకాలం ఆ కప్పు మీద అప్పడాలు ఎండబెడితే ఎండవు, కాలుతాయి. లోపల ఇటుకల్లా పేర్చిన పెట్టెలు, వాటికి ఎర్రగా పచ్చగా మిణుకు లైట్లు, అన్నింటికీ కలిపి ఒక పాత టేబుల్ ఫ్యాను. ఆ ఫ్యాను యంత్రాల వైపు తిరిగి ఉండేది తప్ప మనుషుల వైపు తిరిగేది కాదు. అక్కడినుంచి నల్ల తీగ మిద్దెల మీదుగా, వేపకొమ్మల మీదుగా, చర్చి ప్రహరీ మీదుగా గుమ్మడి పాదులా ఊరంతా అల్లుకుపోయింది. ఊళ్ళో ఒక పద్ధతుండేది. బొమ్మ ఆగిపోతే ఎవరూ ఫోన్ చేసేవాళ్ళు కాదు. అన్నం తింటున్నవాళ్ళు చేయి కడుక్కోకుండా, స్నానానికి లేచినవాళ్ళు తువ్వాలుతోనే నేరుగా వచ్చి షట్టరు మీద దబదబ బాది, చిన్నాయన వంశాన్ని వరసపెట్టి తిట్టి, బొమ్మ వచ్చిందని ఇంటినుంచి కేక వినబడగానే వెనక్కి పోయేవాళ్ళు. చిన్నాయనకు అది ఊరి ఆదరణ.

కొత్త సినిమా విడుదలైన వారంలోనే చిన్నాయన దాన్ని ఊరికి చూపించేవాడు. ఎక్కడో హాల్లో ఎవరో ఒళ్ళో కెమెరా పెట్టుకొని తీసిన ప్రింటు అది. తెర ఒక పక్కకు వాలి ఉండేది, సోడాకు లేచినవాడి తల హీరోయిన్ ముఖం మీదుగా నడిచిపోయేది, వెనక ఎవరి బిడ్డో ఏడ్చేది. అదంతా సినిమాలో భాగమే అనుకునేవాళ్ళు మా వాళ్ళు. కొన్నాళ్ళకు అదే సినిమా శుభ్రమైన ప్రింటులో వేస్తే, “ఈలలు యాడికి పాయ? సగం సౌండు కోసినావా ఏంది?” అని షట్టరు బాదినవాళ్ళను నేను కళ్ళారా చూశాను. దొంగతనం కదా అంటే చిన్నాయన నొచ్చుకునేవాడు. “ఎవురి ఇంట్లోనన్నా చెంబు పాయనా? నేను చూసినంక కూడా సినిమా వాళ్ళ కాడనే ఉంటాది గదరా” అనేవాడు. ఈ వాదన నాకు అప్పుడు తిరుగులేనిదిగా తోచేది. ఇప్పటికీ దీన్ని ఎక్కడ పట్టుకోవాలో సరిగ్గా తెలియదు.

ఈ వాదన చెల్లని చోటు ఒక్కటే, మా చిన్నమ్మ. ఆమె చర్చిలో పాటలు పాడేది. వాళ్ళ కూతురికి, అంటే నా చెల్లెలికి, కడపనుంచి సంబంధం వచ్చినప్పుడు పెళ్ళికొడుకు తండ్రి కట్నం అడగలేదు, కానుక అడగలేదు. ఆయన అక్కడి చర్చి పెద్ద. ఒకే ఒక మాట అడిగాడు: “పిల్ల నాయన దొంగ బొమ్మలు ఏస్తాడని విన్నా, నిజమేనా?” చిన్నమ్మ భర్తను పాస్టరు ముందు నిలబెట్టింది. ఇక వేయనని చిన్నాయన ఒట్టేశాడు. పాస్టరు ఆ పూచీ మీద కడపకు కబురు పెట్టాడు. చర్చిలో ఉంగరాలు మార్చుకునే ప్రధానానికి రోజు ఖాయమైంది. ఆ ఒట్టు తప్పితే ఆ సంబంధం పోతుంది, ఇది చెల్లెలికి తెలుసు, ఊరికి తెలుసు, అందరికంటే బాగా చిన్నాయనకు తెలుసు.

తెలిసీ, ప్రధానం రోజు పొద్దున్నే నన్ను పిలిచాడు. డిగ్రీ తప్పి ఖాళీగా ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే ఇంట్లో. చేతి సంచిలోంచి సినిమా ఉన్న మూడు డిస్కులు తీసి చూపించాడు, ఎవరో పసిబిడ్డను చూపించినట్టు. ఆయన లెక్క ఇది. కూతురి ప్రధానం నాడు మనిషి షాపు తెరవడు. బయట తాళం ఉంటే హాలు వాళ్ళకు గానీ పాస్టరుకు గానీ అనుమానం రాదు, బొమ్మ పక్క ఊరి కేబుల్‌ నుంచి వచ్చిందనుకుంటారు. పక్కనే పంక్చర్లు వేసే భాయి బయటినుంచి తాళం వేస్తాడు. మొదటి డిస్కు అయిపోగానే వచ్చి తాళం తీసి చిన్నాయనను వదులుతాడు, మళ్ళీ తాళం వేస్తాడు. చిన్నాయన చర్చికి పోతాడు, మిగిలిన డిస్కులు నేను మారుస్తాను. పదకొండుకు ప్రధానం. తెల్ల పంచె, తెల్ల చొక్కా ఇస్త్రీ చేసినవి వేసుకొనే వచ్చాడు, నేరుగా పోవచ్చని.

షట్టరు దిగింది. తాళం పడ్డ చప్పుడు విన్నాం. భాయి, “అన్నా, నిమ్మలంగ ఏసుకో, నేను వస్తా” అని సైకిలెక్కి పోయాడు. బొమ్మ మొదలైంది. వీధి వీధంతా ఒక్కసారి చప్పుడు లేకుండా పోయింది. గిన్నెల చప్పుడు ఆగింది, పిల్లల ఏడుపు ఆగింది. చిన్నాయన ఆ నిశ్శబ్దాన్ని కళ్ళు మూసుకొని, అత్తరు పీల్చినట్టు పీల్చాడు.

మొదటి డిస్కు అయిపోయింది. భాయి రాలేదు. రెండోది పెట్టాం. భాయి రాలేదు. కప్పు వేడెక్కింది. తెచ్చుకున్న నీళ్ళు అయిపోయాయి. తెల్ల చొక్కా ఒంటికి అతుక్కొని బనియను గీతలు కనబడసాగాయి. షట్టరు కింద సందులోంచి నేను ముక్కు పెట్టి గాలి పీల్చుకుంటుంటే, చిన్నాయన గోడలు తడుముకుంటూ తిరిగాడు, ఇటుకలతో మూయించిన కిటికీ దగ్గర ఆగి తన తెలివిని తానే తిట్టుకున్నాడు. అప్పుడు నాకు తట్టింది.

“చిన్నాయనా, భాయి ఇంట్లో కూడా మన కేబులే గదా?”

“ఊరికే ఇచ్చినా. ఏం?”

“బొమ్మ చూస్తాండాడు.”

చిన్నాయన నా వైపు చూసిన చూపు మరచిపోలేను. బొమ్మ ఆడుతున్నంతసేపు భాయి లేవడు. భాయి లేస్తే తప్ప తాళం రాదు. ఆపితే? ఆపితే భాయి ఒక్కడే రాడు, ఊరు ఊరంతా వస్తుంది. లోపల మేం దొరుకుతాం. ఆపకపోతే పదకొండు దాటుతుంది, తండ్రి లేని ప్రధానం చూసి కడప వాళ్ళు లేచిపోతారు. అప్పటికి చర్చిలో మొదటి గంట కొట్టారు.

“ఇన్నేండ్లలో నడిమధ్యన బొమ్మ ఆపినోన్ని కాదురా నేను” అన్నాడు చిన్నాయన. నేను యంత్రాల పక్కనున్న చిన్న టీవీ వైపు చూశాను, రెండో డిస్కు ఆఖరికొచ్చింది. బావి, తాడు, కత్తి. చిన్నాయన కళ్ళు మూసుకొని మీట నొక్కేశాడు.

 ఊరు మొత్తం ఒక్క గొంతుతో ‘అయ్యో’ అన్నది. తర్వాత చెప్పుల చప్పుడు. వీధి నిండిపోయింది. షట్టరు మీద దెబ్బలు పడితే మా పళ్ళు కదిలాయి.

“ఏమప్పా, కరెంటు ఉండాది గదా, బొమ్మ యాడికి పాయ?”

“ఆ తాడు తెగిందో ల్యాదో చెప్పి సావుండ్రి!”

“ఎవురికి చెప్తాండావు? తాళం ఏసిండాది చూడు. ఆయప్ప కూతురి ప్రధానం గదా, చర్చి కాడ ఉంటాడు.”

“అట్లయితే ఏసిందెవురు?”

“పక్కూరోళ్ళు ఏమో. రాండి, పోదాం.”

నేను అరవబోతే చిన్నాయన నా నోరు గట్టిగా మూశాడు. చెప్పులు వెనక్కి మళ్ళుతున్నాయి. అంతలో గుంపు వెనకనుంచి ఒక పెద్దమనిషి గొంతు, ప్రసంగాలు చేసి నిగ్గుదేలిన గొంతు, వినబడింది. “ఇంత దూరం చూపిచ్చి తాళం ఏసుకోని పోతే ఎట్లప్పా? మేం కడప నుంచి వచ్చినాం. విడిదింట్లో కూర్చోని చూస్తాంటిమి. మళ్ళా చర్చికి పోవాల. ఆ మిగిలింది ఎవురేస్తారు?”

చిన్నాయన చేయి నా నోటి మీదనుంచి జారిపోయింది. కాబోయే వియ్యంకుడు. ఊరుకుంటే ఆయన పోతాడు, మాతోపాటు ఆ సంబంధం కూడా ఈ గదిలోనే ఉండిపోతుంది. నోరు తెరిస్తే ఒట్టు తప్పినవాడు దొరికిపోతాడు. చెమట కళ్ళలోకి కారుతుంటే తుడుచుకోకుండా షట్టరుకు నోరు ఆనించి అన్నాడు.

“బావా, నేను ఈడనే ఉండా.”

మళ్ళుతున్న చెప్పులు ఆగిపోయాయి. గూడ్సు బండి ఒకటి స్టేషన్ దాటిపోయింది.

“లోపల్నా?” అన్నాడు కడప పెద్దమనిషి.

“లోపల్నే బావా.”

“నువ్వేనా ఏసింది?”

“నేనే.”

ఆయన గొంతు బాగా తగ్గించి, షట్టరుకు దగ్గరగా వచ్చి అడిగాడు. “మరి... తాడు తెగిందా?”

సరిగ్గా అప్పుడు గుంపును తోసుకుంటూ భాయి వచ్చాడు, బొమ్మ ఎందుకు ఆపావని తిట్టడానికి. రెండు తిట్లు తిట్టి, మూడో తిట్టుకు నడుము మీద చేయి పెట్టుకోబోతే తాళంచెవి తగిలింది. “యా అల్లా” అని అక్కడే కూలబడ్డాడు. షట్టరు లేచింది. తడిసిన పంచెతో చిన్నాయన, మసి పూసుకున్న ముక్కుతో నేను. కడప పెద్దమనిషి మమ్మల్ని పైనుంచి కిందికి చూశాడు. 

“అందరూ చూసినాం, ఒక్కడు ఏసినాడు” అన్నాడాయన చివరకు. “పాపం పంచుకోవాల్సిందే. పదండి, పాస్టరయ్య కాసుకోనుంటాడు. ఆలస్యం ఎందుకైందని అడిగితే బావా, నువ్వే చెప్పుకో. నేను చర్చి పెద్దను, అబద్ధం చెప్పను.”

ప్రధానం జరిగింది. ఉంగరాలు మార్చుకునేటప్పుడు చిన్నమ్మ తల వంచుకొనే, పెదవులు కదపకుండా, “తాళం తీసినారా?” అని భర్తను అడిగింది. పూలు కడుతూ ఇంట్లో ఆడవాళ్ళందరూ ఆ బావి దాకా చూశారని తర్వాత తెలిసింది. ఆమె చిన్నాయనతో మాట్లాడింది ఆ నెలంతటికీ ఆ ఒక్క మాటే.

ఊరు ఒత్తిడి చేస్తే, కడప వాళ్ళ సమ్మతితోనే, సాయంత్రం చిన్నాయన మళ్ళీ బొమ్మ వేశాడు; రెండో డిస్కు కత్తి దగ్గరే అయిపోయింది, మూడోది పెట్టాడు. అందులో సినిమా లేదు. అరవ దేశంలో ఎవరో పిల్లకు చేసిన ఓణీల ఫంక్షన్ ఉంది. మధ్యలో బావి వస్తుందేమోనన్న ఆశతో డోన్ మొత్తం ఆ ఫంక్షన్‌ను చివరి భోజనాల బంతి దాకా చూసింది. చిన్నాయన మళ్ళీ ఎప్పుడూ కొత్త బొమ్మ వేయలేదు. కొన్నేళ్ళకు ఊళ్ళోకి డిష్‌లు వచ్చాయి, ఆ పైన ఫోన్‌లు వచ్చాయి, ఎవరి బొమ్మ వాళ్ళ గుప్పిట్లోకి పోయింది. షట్టరు బాదేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. కడప వియ్యంకుడు మాత్రం ఈ రోజుకూ ప్రతి ఆదివారం ప్రార్థన కాగానే ఫోన్ చేసి, కూతురి క్షేమం, మనవల చదువు చెప్పి, పెట్టేసే ముందు అడుగుతాడు: “ఇంతకూ తాడు తెగిందా బావా?” చిన్నాయన తనకు తెలిసినట్టే నవ్వి, “నువ్వు డోన్‌కు రా, చెప్తా” అంటాడు. ఆయన వస్తాడు కూడా.

సాయంత్రం మా అమ్మాయి నంబరు చెప్పింది. అది కొట్టేముందు చిన్నాయనకు ఫోన్ చేశాను, సినిమా దొరికింది, ఇంకొక్క నిమిషంలో సంగతి తేలిపోతుందని.  అవతల, ఆనాడు షట్టరు వెనక నిశ్శబ్దాన్ని పీల్చినట్టే ఊపిరి పీల్చడం వినబడింది.

“వద్దులేరా” అన్నాడు. “తెగిందని తెలిస్తే ఒక బాధ, తెగల్యాదని తెలిస్తే ఇంగొక బాధ. ఆయప్ప వచ్చే ఆదివారం ఏమని అడుగుతాడు?”

రిమోట్ పక్కన పెట్టాను. నల్ల తెరలో నా ముఖం, వెనక తెరిచి ఉన్న తలుపు కనబడ్డాయి. ఆ తలుపులోంచి ఎవరూ రారు, ఏమప్పా బొమ్మ యాడికి పాయ అని అడగరు. బావిలో ఆయన ఇంకా వేలాడుతూనే ఉన్నాడు, ఇన్నేళ్ళుగా కత్తి కోస్తూనే ఉంది. నాకు ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది, కాలం తాడును కోసేది అంత నెమ్మదిగానే, మనం పట్టుకొని ఉన్నంతసేపూ అది తెగినట్టు కనబడదు.