గుర్రానికి వావిలాకు

తొంభైల మొదట్లో, ఫిల్మ్‌నగర్ వైపు వెళ్లే బస్సులో ఒక పెద్దాయన నా పక్కన కూర్చున్నాడు. ఆయన ఒళ్లో వావిలాకు మూట ఉంది. బస్సంతా దాని ఘాటే.

"తలనొప్పికాండీ?" అనడిగాను.

"నాకు గాదు సార్, నా గుర్రానికి. షూటింగుల రిఫ్లెక్టర్ వెలుగు మొకం మీద పడంగనే తల ఒక్కతీర్గ ఊపుతది. డాక్టర్ సూది ఏసిండు, తగ్గలే. ఇయ్యాల గూడ ఊపితే వేరే గుర్రాన్ని తెచ్చుకుంటమన్నరు సిన్మావోళ్లు. గందుకే ఈ ఆకు నూరి నుదుటికి రాస్తున్న."

"తగ్గుతోందా?"

ఆయన మూట సర్దుకున్నాడు. "ఆకుతోని తగ్గుతదో లేదో తెల్వది సార్. రాసేటప్పుడు మాత్రం నా చేతి నీడల కదలకుంట నిలబడ్తది."

చెక్‌పోస్టు దగ్గర బస్సు మలుపు తిరగగానే ఎండ నా కళ్లలో పడింది. తల పక్కకు తిప్పుకున్నాను. ఆయన చెయ్యి దానంతటదే లేచి నా కళ్లకు అడ్డం నిలిచింది. మరుక్షణం సిగ్గుపడి, "అలవాటైంది సార్" అంటూ దించేశాడు.

ఆ రోజు గుర్రం ఏం చేసిందో నాకు తెలియదు. ఇప్పటికీ తెర మీద గుర్రం కనిపిస్తే, హీరోను వదిలేసి దాని తలవంకే చూస్తాను, ఊపకుండా ఉంటే బాగుండునని.