మా ఆడపడుచు చెవులకు కుట్టిన మూడు జతలు

మా ఆడపడుచు తలగడ మీద నల్లటి పొట్టు రాలుతుంటే చుండ్రు అనుకున్నాను. నల్ల చుండ్రు ఎక్కడైనా ఉంటుందా అని అడగకండి. పక్కలు దులిపేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకునే అలవాటు నాకు లేదు. "తలకు నూనె రాసుకోవే" అని వారం రోజులు దాన్ని సాధించాను. ఎనిమిదో రోజు విసుగెత్తి, జుట్టు వెనక్కి తీసి చెవులు చూపించింది. రెండు చెవుల చుట్టూ గిన్నె బోర్లించి గీసినట్టు గుండ్రంగా ఎర్రటి వాతలు. అక్కడక్కడ తోలు లేచిపోయింది. దాని మీద ఆ నల్ల పొట్టు అంటుకుని ఉంది.

"ఆఫీసు హెడ్‌ఫోన్ల మెత్తలు వదినా. రెక్సిన్ ఊడి వస్తోంది" అంది.

నలభై ఏళ్ళు బండి సీట్లకూ కుర్చీలకూ తొడుగులు కుట్టినదాన్ని నేను. ముసలిదైపోయిన రెక్సిన్ ఎలా పొట్టు రాలుస్తుందో నాకొకరు చెప్పాలా? అయినా పోల్చుకోలేకపోయాను. ఆ కోపం కూడా దాని మీదే చూపించాను. "ముందే చెప్పడానికి నీకేం రోగం?" అన్నాను.

దాని సంగతి కొంచెం చెప్పాలి. నేను కాపురానికి వచ్చేనాటికి దానికి నాలుగేళ్ళు. ఇప్పుడు యాభై ఆరు. పెళ్ళి వద్దంది. మేమూ కొన్నాళ్ళు చెప్పి, అలిసిపోయి ఊరుకున్నాం. మా ఆయన పోయాక ఇంట్లో మిగిలింది మేమిద్దరమే. అది పనిచేసేది కోర్టు వెనకాల ఒక పొడవాటి గదిలో. సాక్షులు చెప్పిందీ వకీళ్ళు అడిగిందీ రికార్డు చేసి అక్కడికి పంపుతారు. అక్కడ పన్నెండు బల్లలు, పన్నెండు కుర్చీలు. అందరూ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కాలికింద పెడలుతో రికార్డును ఆపుకుంటూ, వెనక్కి తిప్పుకుంటూ, విన్నది విన్నట్టు టైపు చేస్తారు. నేనూ పెడలు తొక్కే బతికాను, అదీ పెడలు తొక్కే బతుకుతోంది. నాకు చేతివాటం, దానికి చెవివాటం.

ఆ పనిలో ఒక నియమం ఉంది. వినబడని మాటను ఊహించి రాయకూడదు, అక్కడ ఖాళీ వదలాలి. "ఒక మనిషి జైలుకు వెళ్ళాలా ఇంటికి వెళ్ళాలా అన్నది మా ఊహ మీద ఉండకూడదు వదినా" అంటుంది. ఒక ఫైల్లో ఖాళీలు ఐదు దాటితే అది వెనక్కి వచ్చేస్తుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో దాని ఫైలు ఒక్కటీ వెనక్కి రాలేదు. పక్క బల్లలవాళ్ళే, "అక్కా, ఇదొక్కటి విని పెట్టవా" అని వచ్చేవారట. ఇది తల పక్కకు వంచి, కళ్ళు మూసుకుని, "మెట్ల దగ్గరే నిలబడ్డానండీ అంటున్నాడు, రాసుకో" అనేదట. ఖాళీల్లేనక్క అని పేరు పెట్టారు. ఇంట్లో ఆ చెవులతో నేను పడ్డ బాధ వేరు. వంటింట్లో నేను గొణుక్కున్న మాటకు వీధి గుమ్మంలో చెప్పులు విప్పుతూ జవాబు చెప్పేది.

అలాంటిది, మెత్తలు ఊడిపోయాక దాని ఫైళ్ళలో ఖాళీలు పడటం మొదలైంది.

కొత్త మెత్తలు ఇమ్మని స్టోరు గుమాస్తాను అడిగింది. అతను కాగితం తీశాడు.

"శబ్దం వస్తోందా?"

"వస్తోంది."

"మరి పాడైందని ఎలా రాయమంటావమ్మా? పనిచేస్తోంది, పనిచేయడం లేదు, ఈ రెండే ఉన్నాయి ఇందులో."

"చెవులు పుండ్లు పడుతున్నాయి బాబూ."

"చెవులకు ఈ కాగితంలో చోటు లేదు."

బజారులో వెతికాం. ఆ కొలత మెత్తలు తయారు కావడం ఆగిపోయి చాలా కాలమైందన్నారు. సొంత హెడ్‌ఫోన్లు ఆ గదిలోకి రానివ్వరు. పాపం, చెవులకూ మెత్తలకూ మధ్య చేతిరుమాళ్ళు మడిచి పెట్టుకుంది. ఆ వారం రెండు ఫైళ్ళు వెనక్కి వచ్చాయి. ఒకదాంట్లో ఆరు ఖాళీలు, ఇంకోదాంట్లో ఎనిమిది.

ఆ గదికి కొత్తగా వచ్చిన మేడం దీన్ని పిలిచి కూర్చోబెట్టింది. దీనికంటే పదిహేనేళ్ళు చిన్నదట. "అక్కా, వయసు మీద పడితే ఎవరికైనా వినికిడి తగ్గుతుంది. సిగ్గుపడాల్సిందేం లేదు. నకళ్ళ కౌంటరులో కూర్చుంటే హాయిగా ఉంటుంది మీకు" అంది. ఇది ఒప్పుకోలేదు. అయితే వచ్చే సోమవారం కాక ఆ పై సోమవారం పరీక్ష అంది. ఇరవై నిమిషాల రికార్డు ఇస్తుంది. ఖాళీలు ఐదు దాటితే కౌంటరే.

ఆ సాయంత్రం అది కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతూ, "వదినా, నిజంగా నా చెవులు పోతున్నాయంటావా?" అంది. ఉద్యోగం మాట ఎత్తలేదు. ఉద్యోగం గురించైతే ఏదో ఒకటి చెప్పేదాన్ని.

"చెవులూ లేదు, గివులూ లేదు. ఆ హెడ్‌ఫోన్లు ఇంటికి పట్రా" అన్నాను.

గేటు దగ్గర సంతకం పెట్టి తెచ్చింది. మెత్తలు ఊడదీసి చూస్తే నవ్వొచ్చింది. కుండ కింద పెట్టే చుట్టకుదురును చిన్నది చేసినట్టున్నాయి. గుండ్రటి స్పాంజి, నడుమ చెవి పట్టేంత కన్నం, పైన రెక్సిన్. ఎంతెంత పెద్ద సోఫాలనో కుట్టిన చేతికి ఇదొక పనా? పెట్టెలో మిగిలిన వెల్వెట్ ముక్క ఉంది. మెత్తటి స్పాంజి కోసి, గంటన్నరలో జత కుట్టి ఇచ్చాను. చెవులకు పెట్టుకుని, "అబ్బ, పిల్లి పక్కన పడుకున్నట్టుంది వదినా" అంది. గర్వపడటం నాకు కొత్త కాదు గానీ, ఆ పూట కాస్త ఎక్కువే పడ్డాను.

మర్నాడు సాయంత్రం మొహం వేలాడేసుకుని వచ్చింది.

"పదకొండు" అంది.

"ఏమిటి పదకొండు?"

"ఖాళీలు. చెవులకు హాయిగానే ఉంది. కానీ మగవాళ్ళ గొంతుల్లో అడుగు, అదే ఆ బరువు, పోయింది. అందరూ డబ్బాలో మూతి పెట్టి మాట్లాడినట్టున్నారు. కీచు మాత్రం సూదుల్లా గుచ్చుతోంది. పక్క బల్ల టకటకలన్నీ లోపలికి వస్తున్నాయి. గుడ్డ మార్చావు కదా, అందుకేనేమో."

"గొంతు వచ్చేది ఆ నల్ల డబ్బాలోంచి, నా గుడ్డలోంచి కాదు. దిండుకు గలీబు మారిస్తే కలలు మారతాయటే?"

"మారాయి మరి."

"అయితే పాతవే పెట్టుకో, పుండ్లతో చావు."

తిట్టానే గానీ ఊరుకోలేదు. పాత రెక్సిన్ ఊడకముందు అంతా వినబడేదంటే, అది గాలి పోనివ్వని సరుకు కాబట్టేనేమో అనిపించింది. మా పాత కొట్టుకు వెళ్ళి పల్చటి మేకతోలు తెచ్చాను. ఈసారి గట్టి స్పాంజి బిగించి కూరాను. కుట్టు అంటే నా కుట్టే, ఎక్కడా ముడత లేదు. చివర దబ్బనం తీసి వెలుపలి అంచున చుట్టూ గాలికన్నాలు పొడిచాను. సీటు కుట్టేవాళ్ళు ఎవరూ అది మరిచిపోరు. కన్నాలు లేని సీటు మీద మనిషి కూర్చోగానే లోపలి గాలికి దారి లేక, కప్పలా ఉబ్బి ఎక్కడో ఒక చోట కుట్టు పిగులుతుంది.

"రాయిలా ఉంది వదినా" అంది పెట్టుకోగానే.

"కొత్త సీటు ఏదైనా అంతే. కూర్చోగా కూర్చోగా దిగుతుంది."

"నా చెవుల మీద ఎవరు కూర్చుంటారు?"

రెండు రోజులు పెట్టుకుంది. దాని కళ్ళద్దాల కాడలు కణతల్లోకి దిగబడ్డాయి. కాడ ఉన్న చోట మెత్త పైకి లేచి సందు పడుతోందంది. ఉక్కకు చెవులు ఉడికిపోతున్నాయంది. అన్నీ అయ్యాక, "తొమ్మిది" అంది.

అప్పటికి పరీక్షకు నాలుగు రోజులే ఉన్నాయి. నా వేళ్ళు వాచి ఉన్నాయి. మేకతోలు కోసం రెండు బస్సులు మారి వెళ్ళొచ్చాను. ఎవరూ నా పనికి వంక పెట్టి ఎరగరు. నోరు జారింది.

"అయితే మెత్తలు కాదే, నీ చెవులే."

అది హెడ్‌ఫోన్లు బల్ల మీద పెట్టి, చేతులు కడుక్కుని, తన గదిలోకి వెళ్ళిపోయింది. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. మూడు రోజులు వంటింట్లో నేను ఎంత గొణిగినా ఒక్క జవాబు రాలేదు. వినబడి ఊరుకుందో, నిజంగానే వినబడలేదో నాకు తెలియలేదు. అదే నన్ను తినేసింది.

ఆదివారం మధ్యాహ్నం అది కునుకు తీస్తుంటే ఆ హెడ్‌ఫోన్లు రేడియోకు తగిలించి నేనే పెట్టుకున్నాను. ఎవరో బొంగురు గొంతాయన వార్తలు చదువుతున్నాడు. నిజమే, డబ్బాలోంచి వస్తున్నట్టుంది. నా తల చిన్నది, జారిపోతుంటే రెండు చేతులా రెండు వైపులా పట్టుకున్నాను. అంతే, ఆ మనిషి వచ్చి గదిలో నిలబడ్డాడు. గొంతు నిండుగా, ఛాతీలోంచి వస్తోంది. చేతులు తీస్తే మళ్ళీ డబ్బాలోకి పోయాడు. పెట్టాను, వచ్చాడు. తీశాను, పోయాడు. నొక్కితే వస్తున్నాడేమోనని నొక్కకుండా ఊరికే వేళ్ళు ఆనించి చూశాను. అప్పుడూ వచ్చాడు. నా వేళ్ళు ఎక్కడున్నాయో అప్పుడు తడుముకున్నాను. నేను పొడిచిన కన్నాల మీద.

ఎవరూ చూడలేదులే అనుకుంటున్నాను, అది గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏం చేస్తున్నావ్ వదినా?"

"వార్తలు వింటున్నాను. ఇటురా."

కూర్చోబెట్టి దాని తలకు పెట్టి, కన్నాల మీద వేళ్ళు ఆనించాను. తల పక్కకు వంచింది. కళ్ళు మూసుకుంది.

"ఆయన కాగితం తిప్పాడు" అంది.

నాకు ఆ కాగితం వినబడలేదు సుమండీ.

"ఏం చేశావు ఇప్పుడు?"

"వేళ్ళు పెట్టాను."

"ఎక్కడ?"

"కన్నాల మీద."

"మెత్తలకు కన్నాలెందుకు?"

"సీట్లకు పెడతారు."

అది నవ్వడం మొదలుపెట్టింది. పది రోజులుగా నవ్వని మనిషి నవ్వుతుంటే సంతోషించాలి గానీ, నాకు ఒళ్ళు మండింది. "నవ్వింది చాలు, ఆ కత్తెర అందుకో" అన్నాను.

మూడో జత అప్పటికప్పుడు మొదలుపెట్టాం. వెలుపలి గోడకు తోలే, ఒక్క కన్నమూ లేకుండా. స్పాంజికి గాలి ఆడకపోతే కుట్టు నిలవదన్న మాట నేను వదులుకోలేదు, కన్నాలు లోపలి గోడకు పొడిచాను. ఆ గాలి చెవి దగ్గరే తిరుగుతుంది, బయటికి పోదు. చర్మానికి తగిలే ముఖానికి ముందు తోలే వేశాను. గొంతు నిండుగా ఉంది గానీ చెవి ఉడుకుతోందంది. విప్పి, పదేళ్ళు ఉతికి మెత్తబడ్డ నూలు దుప్పటి ముక్క, నేత దగ్గరగా ఉన్నది, వేశాను. "అడుగు కొంచెం తగ్గింది, పరవాలేదు, మంట లేదు" అంది. స్పాంజి పల్చగా ఉంటే చెవి హెడ్‌ఫోన్ లోపలి జాలీకి తగిలింది. మందంగా ఉంటే గొంతు దూరం జరిగిపోయింది. నొక్కితే దిగి నిదానంగా లేచే స్పాంజి కోసం నా నడుము కింద పెట్టుకునే దిండు కోశాను. కళ్ళద్దాల కాడ దూరే చోట గాడి తీశాను. మూడు సార్లు విప్పాను, రెండు సార్లు సూది గుచ్చుకుంది. ప్రతిసారీ అది రేడియో ముందు కూర్చుని, "ఇంకొంచెం" అనడం, నేను తిట్టడం. దీపాలు పెట్టే వేళకు, "ఇక ముట్టుకోకు వదినా, ఇదే" అంది.

సోమవారం నాకు పని మీద చెయ్యి ఆడలేదు. ఆరు దాటాక వచ్చింది.

"ఎన్ని?"

"నాలుగు."

"ఐదు దాటలేదుగా! మరి కౌంటరు?"

"లేదు. నా బల్ల నాకే."

"ఆ మేడం ఏమంది?"

"మెచ్చుకుంది. మెత్తలు ఎక్కడ కొన్నారంది. ఇంట్లో కుట్టారన్నాను."

"ఎవరు కుట్టారో చెప్పలేదూ? ఇల్లు కుట్టిందనుకుంటుంది!"

అది నవ్వలేదు. సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నాలుగింట్లో రెండు ఎవరికీ వినబడవు వదినా. సాక్షి నోట్లో నోట్లో గొణుక్కున్నాడు. మిగతా రెండూ పక్క బల్ల అమ్మాయి వినేసింది. పరీక్ష అయ్యాక రికార్డు అడిగి తీసుకుని ఆ అమ్మాయికి వినిపించాను. దాని చెవులకు ఇంకా ఆ ఊడిపోయిన రెక్సినే ఉంది. ఒక్కసారికే చెప్పేసింది."

సంచీ వైపు చెయ్యి చాచాను. 

"ఎక్కడో కుట్టు వదులైంది" అన్నాను. "నిన్న తొందరలో చేశాను. దారం పాతది. నా పనే సరిగా కుదరలేదు, ఇలా తే."

"కుట్టు బాగానే ఉంది వదినా. వచ్చే వారం చెవులు చూపించుకుంటాను."

"నాకు చెప్తావా కుట్టు సంగతి? తెమ్మంటుంటే!"

సంచీలోంచి నేనే లాక్కున్నాను. కళ్ళద్దాలు పెట్టుకుని, కిటికీ దగ్గర కూర్చుని, రెండు మెత్తలూ అంచు వెంట వేలు పెట్టి చుట్టూ తడిమాను. లోపలి గోడ చూశాను, గాడి చూశాను, తోలూ నూలూ కలిసే చోట గోరుతో లాగి చూశాను. ఎక్కడైనా ఒక్క కుట్టు వదులై ఉంటే బాగుండునని నా జన్మలో మొదటిసారి కోరుకున్నాను. ఒక్కటీ దొరకలేదు.