దేవసహాయం మేస్త్రి రెండోసారి చూడమన్న ఫిల్టర్

నూనె కలిసిన పెట్రోలు వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఎండకు ఎదురుగా ఎత్తిపట్టిన ఒక చెయ్యి గుర్తొస్తుంది. మొన్న టి. నగర్‌లో, పాండీ బజారు వెనక సందులో, మా అమ్మాయి స్కూటర్ సర్వీసుకిచ్చిన చోట బల్లమీద కూర్చుని ఉన్నాను. మెకానిక్ ట్యాంకు కింద గొట్టం ఊడదీశాడు. నాలుగు చుక్కలు సిమెంటు నేలమీద పడి ఆ వాసన లేచింది. "ఫిల్టర్ కూడా మార్చేద్దామా సార్? ఇప్పుడు ఇబ్బందేమీ లేదు. ముందుజాగ్రత్తకే" అని అడిగాడతను. అవుననో వద్దనో ఒక్క మాటలో తేలిపోయే ప్రశ్న. నేను గుర్తుచేసుకుంటున్న చెయ్యి దేవసహాయం మేస్త్రిది. ఆయన ఆ ప్రశ్నకు జవాబు చెప్పిన తీరూ, ఆ జవాబు ఒకసారి తప్పిపోయిన తీరూ చూసినవాణ్ణి కనక, నాకు కాస్త వ్యవధి కావలసి వచ్చింది.

యాభైల చివర నేను మద్రాసులో ఒక తెలుగు దినపత్రికలో కొత్త విలేఖరిని. ఆఫీసు మౌంట్ రోడ్డు వెనక సందులో ఉండేది. బెజవాడలో మా పత్రికకు ఇంకో ప్రెస్సు ఉండేది. మద్రాసు వార్తలూ, ఫొటోలు అచ్చువేసే లోహపు బ్లాకులూ ఒక కవరులో పెట్టి, సాయంత్రం మెయిలు రైలు కదిలేలోగా సెంట్రల్‌లో గార్డు చేతికి అందించాలి. అందుకోసం ఆఫీసువాళ్లు ఒక స్కూటర్ కొన్నారు. నడపడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కావడంతో కవరు బాధ్యత కూడా నాదే అయింది. "ఈ కవరు ఒక్కరోజు తప్పిందా, నీ ఉద్యోగం పర్మనెంటయ్యే మాట మరిచిపో" అన్నారు మా న్యూస్ ఎడిటర్ శేషాచలంగారు. ఆయన అట్లాంటి మాటలు ఊరికే అనేవారు కాదు.

దేవసహాయం మేస్త్రి షెడ్డు వ్యాసర్పాడిలో రైల్వే యార్డు గోడ పక్కన ఉండేది. ఆయన పెద్దలు నెల్లూరు వైపునుంచి ఎప్పుడో పనికి వచ్చి అక్కడే స్థిరపడ్డారట. ఆయన ఇరవై ఏళ్లు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి, తర్వాత సొంతంగా బండ్లు బాగుచేసే షెడ్డు వేసుకున్నాడు. యార్డులోంచి బొగ్గుపొగ వచ్చి పైకప్పు రేకుల మీద నల్లగా పేరుకునేది. షెడ్డులో ఒక గోడ నిండా మేకులు. బండిలోంచి తీసేసిన ప్రతి పాత సామానూ ఒక మేకుకు వేలాడుతుండేది. దానికి దారంతో ఒక చీటీ కట్టి ఉండేది. ఏ బండిది, ఏ తేదీన తీసింది, చూసింది ఎవరు, తీయడానికి కారణమేమిటి, అన్నీ గుండ్రటి అక్షరాలతో అందులో ఉండేవి. బండివాళ్లు ఎప్పుడైనా వచ్చి ఎందుకు మార్చావని అడగవచ్చు, అడిగితే సామానే జవాబు చెప్పాలి అనేవాడు. ఆయన నిదానానికి విసిగి వేరే షెడ్డుకు వెళ్లిపోయినవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లను వెనక్కి పిలవడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ ఏడు ఎండలు ముదరకముందే మా మేనేజరుగారు నాకొక కాగితం ఇచ్చారు. బండిలో చెడిపోయే వీలున్నవన్నీ చెడకముందే మార్పించమని దాని సారాంశం. జాబితాలో మొదటిది పెట్రోలు ఫిల్టర్. ఆ రోజుల్లో అది ట్యాంకులోపల, కుళాయి పైన బిగించే చిటికెన వేలంత ఇత్తడి జల్లెడ. నేను కాగితం చదివి వినిపించాను. మేస్త్రి ఒక ఎనామెల్ పళ్లెం తెచ్చి, దానిమీద తెల్లటి పాత పంచె ముక్క పరిచి, ట్యాంకులో పెట్రోలు దానిలోంచి వంపాడు. తర్వాత జల్లెడ ఊడదీసి షెడ్డు బయటికి వచ్చి ఎండకు ఎదురుగా ఎత్తిపట్టాడు. పక్కకు జరిగి నన్నూ చూడమన్నాడు. వల చక్కగా ఉంది. వెలుతురు అన్ని కళ్లలోంచీ వస్తోంది. ఒక మూల మాత్రం ఎర్రటి పొడి కాస్త అంటుకుని ఉంది. గుడ్డమీద కూడా అలాంటిదే చిటికెడు.

"మార్చేద్దామా మేస్త్రీ?" అన్నాను, తొందరగా తేల్చుకుని వెళ్లిపోవాలని.

"ఎందుకు సార్? ఇది బాగుండాది. బజార్లో దొరికేది ఊళ్లో చేసింది, దాని అతుకే నిలవదు. విదేశీది నా దగ్గిర ఒకటే ఉండాది, మళ్ళీ ఎప్పుడు దొరుకుతాదో తెలీదు." పొగాకు డబ్బా తెరిచి, నూనె కాగితంలో చుట్టిన కొత్త జల్లెడను చూపించి మళ్ళీ మూసేశాడు. "ఇట్ల చేద్దాం. కడిగి ఇదే పెడతాను. సరిగ్గా నెలకు మీరు మళ్ళీ ఈడికి తీసుకురండి. ఇంతే పొడి మళ్ళీ చేరి ఉంటే మార్చేద్దాం, లోపల్నించి ఏదో వస్తా ఉందని అర్థం. చేరకపోతే దీని జోలికే పోవద్దు. ఒక్కసారి చూసి చెప్పేది ఊహే సార్. రెండోసారి చూస్తేనే సంగతి తెలుస్తాది."

ఆయన భార్య గ్రేసమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తల ఎత్తకుండానే అందుకుంది. "నమ్మండి పేపరు సార్. నన్ను చూసేదానికి వచ్చినప్పుడు గూడా వచ్చే నెల మళ్ళీ వచ్చి చూస్తానన్నాడు ఈ మనిషి. మా నాయన కట్టె తీసుకున్నాడు."

"వచ్చినాను గదా మళ్ళీ" అన్నాడు మేస్త్రి. "ఆమా, వచ్చినావు. నేనే ఆ పొద్దు నిన్ను సరిగ్గా చూడలేదు" అంది ఆమె. నేను నవ్వుకుంటూ బండెక్కాను. నెల గడిచింది. వ్యాసర్పాడి నాకు దారి కాదు. బండి బాగానే నడుస్తోంది. రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అనుకుంటూ మూడు నెలలు గడిపేశాను. మేనేజరుగారికి మాత్రం మేస్త్రి చూశాడు, అక్కర్లేదన్నాడు అని చెప్పేశాను. అందులో అబద్ధం లేదు. సగం మాట లేదు, అంతే.

వానలు మొదలయ్యే రోజుల్లో సెంట్రల్‌లో రైలు దిగుతూ ఒక ముసలమ్మ పడిపోయింది. ఆసుపత్రిలో చేర్చేసరికి మాట పోయింది. ముంజేతిమీద తెలుగు అక్షరాల్లో కోటయ్య అని పచ్చబొట్టు. అది తప్ప ఆమె ఎవరో తెలియడానికి ఆధారం లేదు. గుంటూరు వైపు మనిషై ఉంటుందని నర్సులు అనుకున్నారు. నేను ఆమె మంచం దగ్గర కూర్చుని వార్త రాశాను. బెజవాడ పత్రికలో ఫొటో వేస్తే అయినవాళ్లు గుర్తుపడతారని శేషాచలంగారు బ్లాకు చేయించారు. ట్రంక్ కాల్‌లో మాట్లాడి, మద్రాసు సెంట్రల్‌లో పడిపోయిన ముసలమ్మ ఫొటో బుధవారం వేస్తామని ముందుగా ఆ పత్రికలో ప్రకటన కూడా వేయించారు. సోమవారం సాయంత్రం ఆ బ్లాకున్న కవరు నా భుజాన సంచిలో ఉంది.

సెంట్రల్ గడియారం కనబడేంత దూరంలో, కూవం నది వంతెనమీద బండి ఎక్కిళ్లు పెట్టి ఆగింది. ఒక నిమిషం నిలబెట్టి తంతే అంటుకుంది. పదిగజాలు పోయి మళ్ళీ ఆగింది. అట్లా మూడుసార్లయ్యాక బండి అక్కడే వదిలి పరుగెత్తాను. ప్లాట్‌ఫారం మీదికి చేరేసరికి గార్డు పెట్టె ఎర్రదీపం దూరమవుతోంది. ఆఫీసుకు తిరిగొచ్చి బండి ఆగిపోయిందని చెప్పాను. శేషాచలంగారు నావైపు చూసి, ఫొటో గురువారానికి పోయింది అని మాత్రం అన్నారు.

మర్నాడు పొద్దున్నే స్కూటర్ తోసుకుంటూ వ్యాసర్పాడి వెళ్లాను. దారంతా మేస్త్రి మీద కోపం పెంచుకుంటూనే నడిచాను. నువ్వు మార్చొద్దన్నావు కాబట్టే ఇట్లా అయిందని, ఆ ముసలమ్మ సంగతంతా ఆయన ముఖాన పారబోశాను. మేస్త్రి జల్లెడ ఊడదీసి ఎండకు ఎత్తిపట్టాడు. వెలుతురు రాలేదు. వలంతా ఎర్రటి బురద మీగడకట్టి ఉంది. ట్యాంకులో టార్చి వేసి చూసి, అడుగున తుప్పు చూపించాడు. ఎప్పుడో నీళ్లు కలిసిన పెట్రోలు పడి ఉంటుందన్నాడు. నెలకు ఎందుకు రాలేదని అడుగుతాడని నేను ఎదురుచూశాను. అడగలేదు. చీటీ రాసి జల్లెడకు కట్టి, కాగితంలో చుట్టి జేబులో వేసుకున్నాడు.

మధ్యాహ్నం ఉతికిన తెల్లచొక్కా తొడుక్కుని ఆయన మా ఆఫీసుకు వచ్చాడు. నన్ను పలకరించకుండా నేరుగా శేషాచలంగారి బల్ల ముందుకు వెళ్లి కాగితం విప్పాడు. నేను ఆ పక్కనే నిలబడి ఉన్నాను.

"బండి చూసింది నేను సార్. ఫిల్టరు మార్చొద్దని చెప్పింది నేను. పొడి కనపడినప్పుడే ట్యాంకు లోపల చూసుండాల. చూడలేదు. తప్పయింది."

శేషాచలంగారు జల్లెడను అటూ ఇటూ తిప్పి చూశారు. "మరి మళ్ళీ చూపించమని చెప్పలేదా నువ్వు?"

మేస్త్రి చేతిలో మిగిలిన కాగితం మడిచాడు. "నా పని సంగతి చెప్పేదానికి వచ్చినాను సార్. ఆయన పని ఆయన చెప్తాడు."

నేను నోరు మెదపకపోతే ఆ గదిలో నా ఉద్యోగానికి ఏ ఢోకా ఉండేది కాదు. తప్పంతా తనదేనని ఒకాయన వచ్చి ఒప్పుకున్నాడు. రుజువు కూడా వెంట తెచ్చాడు. పర్మనెంటు కావడానికి నాకు ఇంకా రెండు నెలలే ఉంది. ఇవన్నీ ఆ కొద్దిసేపట్లో లెక్కవేసుకున్నానని ఒప్పుకోవాలి. తర్వాత ఆ చీటీమీద మేస్త్రి రాసింది కంటబడింది: చూసింది దేవసహాయం, ట్యాంకు చూడలేదు. నెలకు రమ్మన్నాడని, మూడు నెలలు వెళ్లలేదని చెప్పాను.

శేషాచలంగారు నాముందుకు ఒక తెల్లకాగితం తోశారు. ప్రకటించిన రోజున ఫొటో ఎందుకు పడలేదో పాఠకులకు ఒక్క వాక్యంలో రాయమన్నారు. యంత్రలోపం వల్ల అని మొదలుపెట్టాను. "యంత్రం ఏం చేసిందయ్యా?" అంటూ కొట్టేశారు. అనివార్య కారణాలవల్ల అన్నాను. అదీ పోయింది. ఐదోసారికి, మా అజాగ్రత్తవల్ల అని రాస్తే కవరులో పెట్టనిచ్చారు. మేస్త్రి అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడి, బండి సాయంత్రానికి సిద్ధంగా ఉంటుందని చెప్పి వెళ్లాడు. ట్యాంకులో గులకరాళ్లు వేసి గిలకొట్టి తుప్పు వదిలించి, పొగాకు డబ్బాలోని జల్లెడ బిగించాడు.

గురువారం పత్రిక చూసి శుక్రవారం కోటయ్య వచ్చాడు. ఆమె కొడుకు. తల్లిని చూసి కిందకూర్చుండిపోయాడు. ఫొటో వేసినందుకు నాకు దండం పెట్టాడు. ముందు ప్రకటన చూసి బుధవారం పేపరు కోసం ఊళ్లో అందరం కాచుక్కూర్చున్నాం, ఫొటో లేకపోయేసరికి మనిషి పోయిందనే అనుకుని ఆ పూటంతా ఇంట్లో ఏడుపులేనయ్యా అన్నాడు. ఫిర్యాదుగా అనలేదు. అందుకే ఆ మాట నన్ను వదల్లేదు. నన్ను పర్మనెంటు చేయడం ఆరునెలలు వెనక్కి పోయింది. అది న్యాయమనే నాకు అప్పుడూ తోచింది.

తర్వాత వెళ్లినప్పుడు ఇకనైనా నెలనెలా కొత్తది వేసేద్దామా అన్నాను. మేస్త్రి తల అడ్డంగా తిప్పాడు. భయంతో మార్చేది చూడకుండా మార్చేదే సార్ అన్నాడు. కాని ఆయన చీటీల్లో మాత్రం ఒక మార్పు వచ్చింది. చూసిందెవరు అన్న వరుస కింద కొత్తగా ఇంకో వరుస చేరింది: మళ్ళీ ఎప్పుడు. ఆ వరుస లేకపోవడం కూడా తన తప్పేనని ఆయన అనుకున్నాడన్నమాట. బండి చీటీ హ్యాండిల్‌కు కట్టి పంపేవాడు. ప్రతి నెలా మొదటి శనివారం నేను వ్యాసర్పాడి వెళ్లేవాణ్ణి. గ్రేసమ్మ టీ ఇచ్చి, పేపరు సారు రెండోసారి గూడా వస్తా ఉండాడే అని ఎత్తిపొడిచేది. ఆ బండి ఆఫీసులో ఉన్నంతకాలం కవరు మళ్ళీ తప్పలేదు. నేను న్యూస్ ఎడిటర్నయ్యాక నా బల్ల ముందుకు ఎన్నో పొరపాట్లు వచ్చాయి. ఎవరిది తప్పని అడగడానికి ముందు, అందులో నేను చూడనిదేమిటో కాగితం మీద రాసి వాళ్ల ముందు పెట్టేవాణ్ణి. అప్పుడు ఎదుటివాళ్లు తమది తామే చెప్పేవాళ్లు.

పాండీ బజారు మెకానిక్ ఇంకా నావైపే చూస్తున్నాడు. ఫిల్టర్ ఒకసారి ఇవ్వమని అడిగి సందు మధ్యకు వెళ్లి ఎండకు ఎత్తిపట్టాను. బాగానే ఉంది, ఒక మూల అంటిన కాస్త పొడి తప్ప. "ట్యాంకు మూత తీసి లోపల లైటు వెయ్యి బాబూ" అన్నాను. ఇద్దరం వంగి చూశాం. అడుగున తుప్పు కనబడలేదు. కడిగి అదే పెట్టమన్నాను. అతను పెట్టేలోగా అతని బిల్లు పుస్తకంలోంచి ఒక చీటీ చింపి, తేదీ వేసి, చూసిందెవరు అన్నచోట నా పేరు రాశాను. దాని కింద, వచ్చే నెల మొదటి శనివారం అని రాసి హ్యాండిల్‌కు దారంతో కట్టాను.