లైన్‌మన్ చెప్పిన లీనియెంట్

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, ఎండాకాలంలో, కుప్పంలో విద్యుత్ ఇంజనీరుగా ఉన్న నన్ను ఒక శాఖాపరమైన విచారణకు అధికారిగా మదనపల్లె పంపారు. పుంగనూరు లైన్‌మన్ మునెప్ప మీద అభియోగం: విధుల్లో నిర్లక్ష్యం. స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌లో కరెంటు ఆపించి తీసుకునే అనుమతిని మేం లైన్ క్లియర్ అంటాం. పని ముగిశాక దాన్ని తిరిగి అప్పజెప్తేనే కరెంటు వదులుతారు. మునెప్ప బాగా ఆలస్యంగా అప్పజెప్పాడు. ఊరు చెమటలో తడిసింది, పై అధికారుల ఫోన్లు మోగాయి. ఇలాంటి ఆలస్యాలకే అంతకుముందు మెమోలు ఉన్నందువల్ల, ఈసారి రుజువైతే ఉద్యోగమే పోతుంది.

అభియోగం ఒప్పుకుంటారా అని మొదటే అడగడం పద్ధతి. మునెప్ప చేతులు కట్టుకుని, "నేను లీనియెంట్‌గా ఉండాను సార్" అన్నాడు.

శాఖ తరఫున వాదించే ప్రెజెంటింగ్ ఆఫీసర్ నిటారుగా కూర్చున్నారు. పనిలో మెతగ్గా ఉన్నానని ఒప్పుకున్నాడు కాబట్టి సాక్షులు అక్కర్లేదన్నారు. అలా రాసేస్తే నాకూ మధ్యాహ్నం కుప్పం బస్సు అందేది. కానీ నా ఇంగ్లీషూ కరెంటు తీగలాంటిదే, ఎక్కడ ముట్టుకుంటే షాక్ కొడుతుందో తెలీదు. అందుకే ఆ మాటకు అర్థమేమిటని అతన్నే అడిగాను.

"పెద్దోళ్ల ముందర తగ్గి ఉండేది కదా సార్. లీనియెంట్ అను, వదిలేస్తారని యూనియన్ ఆయప్ప సెప్పినాడు."

తప్పు చేసినవాణ్ణి దయతో తేలిగ్గా వదిలేసేవాడే లీనియెంట్ అనీ, అది కుర్చీలో కూర్చున్నవాడికి అతికే విశేషణమే గాని ఎదుట నిలబడ్డవాడికి కాదనీ చెప్పాను.

"అట్లయితే అది మీరా సార్?"

ప్రెజెంటింగ్ ఆఫీసర్ కూడా నవ్వారు. లైన్‌మన్ కదా, లైనుకు దగ్గరగా వినిపించే మాటలన్నీ తన శాఖవే అనుకున్నాడేమో మునెప్ప.

ఆలస్యమెందుకైందో తెలుగులో చెప్పమన్నాను. అవతలి కొస స్తంభం ఎక్కిన తోటి లైన్‌మన్ ఫోనెత్తలేదట. దిగే ఉంటాడులెమ్మని అందరూ అన్నారట. ఇతను మాత్రం అక్కడిదాకా నడిచి వెళ్లాడు.

"మనిషి దిగినాడో లేదో కండ్లతో సూడకుండా కరెంటు ఎట్ల ఇమ్మంటా సార్?"

ఆ మనిషి అప్పటికింకా పైనే ఉన్నాడు. విచారణ రోజున సాక్షిగా బయట బల్ల మీద కూర్చున్నాడు. ఒప్పుకోలు రాసేసి ఉంటే అతన్ని లోపలికి పిలిచే పనే ఉండేది కాదు.

సాక్ష్యం విని, అభియోగం రుజువు కాలేదని రాశాను. లీనియెంట్‌గా చూశారన్నారు ప్రెజెంటింగ్ ఆఫీసర్. కాదన్నాను. తప్పు తేలినవాడి విషయంలోనే ఆ మాట పనికొస్తుంది. ఎవరైనా తనది కాని భాషలో తప్పు ఒప్పుకుంటే, రాసుకునే ముందు తన భాషలో మరోసారి అడగాలని ఆ రోజు తెలుసుకున్నాను. ఇక మునెప్ప సంగతంటారా, ప్రెజెంటింగ్ ఆఫీసర్ మొదట అనుకున్న 'పనిలో మెతక' అనే అర్థంలోనైతే, పుంగనూరు లైను మీద ఆ పూట లీనియెంట్‌గా లేనివాడు అతనొక్కడే.